లోపలికొచ్చిన తుపాకి

పొద్దున ఆరు గంటలు. తమిళుల ఐప్పసి నెల, వానాకాలపు జల్లు. కొండ కనిపించడం లేదు.

గోమతి పాలు పొయ్యి మీద పెట్టి, బియ్యపు డ్రమ్ము పక్కన గోడకానించిన తుపాకిని తీసుకుని పీట మీద కూర్చుంది. గొట్టం మూతికి కట్టిన పసుపుగుడ్డ విప్పి చెవి ఆనించింది. లోపల గుండె కొట్టుకుంటోంది. చిన్న చప్పుడు, గబగబా. పక్కవీధిలో ఎవరో చిన్న రోట్లో ఏలకులు దంచుతున్నట్టుగా ఉంది.

"ఏమంటాది?" అంది ఆమె అత్త తిరుమలమ్మాళ్, మంచం మీంచి లేవకుండానే.

"బాగుండాది."

"గట్టిగానేనా?"

"గట్టిగానే."

పాలు పొంగాయి. గోమతి గుడ్డ మళ్లీ కట్టి తుపాకిని ఎక్కడిదక్కడ పెట్టి పొయ్యి దగ్గరికి పోయింది.

తమిళనాట కంబానికి పడమరగా, కొండ కిందున్న ఆ ఊళ్లో నాయుడు వీధి ఒక్కటే తెలుగు వీధి. ఆ వీధిలో ఎవరింట్లోనైనా కూతురికో కోడలికో నెల తప్పితే, ఆ ఇంటి తుపాకి తిన్నె మీది గోడ దిగి వంటింట్లోకి వస్తుంది. మందు దులిపి, గొట్టం కడిగి, నూనెగుడ్డతో తుడిచి మొగవాళ్లు దాన్ని ఆడవాళ్ల చేతికిస్తారు. అప్పటినుంచి కాన్పు దాకా అందులో బిడ్డ గుండె వినిపిస్తుంది. కాన్పయిన గంటకు ఆగిపోతుంది, తుపాకి మళ్లీ గోడెక్కుతుంది. అందుకే ఆ వీధిలో నీళ్లోసుకుందని ఎవరూ అనరు. వాళ్లింట్లో తుపాకి లోపలికొచ్చింది అంటారు. పెళ్లయి ఏడాది దాటిన పిల్ల కనబడితే ముసలమ్మలు, "ఏమ్మా, మీ తుపాకి ఇంకా గోడమీదనేనా?" అని ఎత్తిపొడుస్తారు.

ఒకసారి ఎలక్షన్లప్పుడు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించమని పోలీసు ఏట్టయ్య ఇంటింటికీ తిరిగాడు. వీధి చివరింటివాళ్లు తమది లోపలుందని చెబితే టోపీ తీసి వంటింటి గడపలో కూర్చుని చెవి పెట్టి విన్నాడు. "సరిమ్మా, ఇది ఉండనీండి" అని కాపి తాగి పోయాడు.

గోమతి కాపురానికొచ్చాక ఈ ఇంటి తుపాకి ఆమె కోసం రెండుసార్లు లోపలికొచ్చింది. మొదటిసారి మధుమిత. రెండోసారి, ఆరో నెలలో, ఒక గురువారం పొద్దున చెవి పెడితే గొట్టంలో గాలి తప్ప ఏమీ లేదు. ముందురోజు తోటలో పందుల కోసం మామగారు ఎవరిదో తుపాకి తెచ్చి పొద్దంతా కాల్చాడు. గోమతి మొగవాళ్లకు అన్నం మోసుకుపోయి ఆ పక్కనే నిలబడి ఉండింది. దానివల్లనేనా? డాక్టరు చెప్పలేదు. అత్త చెప్పలేదు. గోమతి అడగలేదు.

"కాపి అమ్మా" అంటూ మధుమిత వచ్చింది. ఏడో నెల. గాజులు తొడిగే వళైగాప్పు వేడుక అయిపోయింది, రెండు చేతులకూ మోచేతి దాకా గాజులు. ఆ గాజులు అందానికి వేసేవి కావు. కడుపులో బిడ్డకు చెవులు తెరుచుకునే నెలల్లో వేస్తారు. తల్లి చేయి కదిలినప్పుడల్లా ఆ గలగల విని బిడ్డ తల్లిని గుర్తుపట్టాలని. మిగతా వీధులవాళ్లకు అది నమ్మకం. ఈ వీధివాళ్లకు రోజూ చెవికి తెలిసే సంగతి.

మధు గ్లాసు అందుకుంది. గాజులు గలగలమన్నాయి. "ఒకసారి విందామా" అని గోమతి తుపాకి మళ్లీ తీసింది. "చెయ్యి ఆడించు."

మధు చెయ్యి ఆడించింది. గొట్టంలో ఏలకుల రోలు ఒక్క క్షణం తడబడి, పరుగెత్తి, మళ్లీ సర్దుకుంది. గోమతి గొట్టం మూతిలోకి మెల్లగా "కన్నూ" అంది. మళ్లీ అదే తడబాటు.

"పలికినాడా?"

"పలికింది."

"వాడమ్మా. మొగబిడ్డేనని పెదనాయన పందెం కట్టినాడు."

"ఆయన పందెం కట్టిన కోడి ఏదన్నా గెలిచిందా?" అంది మంచం మీంచి తిరుమలమ్మాళ్.

మధుమితకు తుపాకి కొత్త కాదు. మధురలో కాలేజీ చదివేటప్పుడు రైఫిల్ క్లబ్బులో చేరి పతకాలు తెచ్చుకుంది. కోయంబత్తూరులో పంపుసెట్ల కంపెనీలో పనిచేసే గోకులకృష్ణన్‌ను చేసుకున్నాక కూడా ఆదివారం ఆదివారం పోయి కాల్చేది. కడుపుతో ఉన్నప్పుడూ పోయింది, ఐదో నెల దాకా. పుట్టింటికొచ్చాక కంబంలో డాక్టరమ్మ మాటల్లో మాటగా ఆ సంగతి విని పెన్ను కింద పెట్టింది.

"ఏం కాలుస్తావు?"

"కాగితమే డాక్టర్. చిన్న రైఫిలు. భుజానికి దెబ్బ కూడా తగలదు."

"చెవులకు?"

"మఫ్ పెట్టుకుంటాను."

"నీకు పెట్టుకుంటావు. లోపలున్న బిడ్డ చెవులకు ఏం పెడతావు?"

మధు నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. ఆమె మాట్లాడింది తమిళంలోనే అయినా ఆ మాటలు గోమతి మనసులో తెలుగులో నిలిచిపోయాయి. కడుపు గోడ కొంత చప్పుడును ఆపుతుంది, అంతా ఆపదు. పెద్ద తుపాకి అయితే మరీ ఆపదు. గుండులో సీసం ఉంటుంది, కాల్చినప్పుడు దాని పొడి చేతికంటుతుంది, ఊపిరిలో పోతుంది, తల్లి రక్తంలోంచి బిడ్డ రక్తంలోకి దిగుతుంది. ఎవరన్నా పంది కొట్టి కూర పంపినా తినొద్దు, గుండు తునకలు కంటికి కనబడవు.

"ఎన్నిసార్లు కాలిస్తే ప్రమాదం అని అడుగుతారు" అంది డాక్టరమ్మ. "ఇక్కడిదాకా పరవాలేదు అని గీత గీసి చూపడానికి నా దగ్గర లేదమ్మా. ఎవరి దగ్గరా లేదు. అందుకే వద్దంటున్నాను." గోమతి వైపు తిరిగింది. "మీ తుపాకి ఏమంటోంది?"

"బాగుందంటాది."

"రోజూ వినండి. స్కాను రోజూ చేయలేం కదా."

ఆ రోజునుంచి మధు కాల్చడం మానేసింది. మానేసిందనే గోమతి అనుకుంది.

ఆ పొద్దున ఏడు గంటలు దాటాక గోమతి భర్త ముత్తుకృష్ణ తోటనుంచి తడిసి వచ్చాడు. తుండు పిండుకుంటూ తిన్నె మీద కూర్చున్నాడు. భార్య తెచ్చిన కాపి చేతిలో పట్టుకున్నాడు. ఆ చేయి వణుకుతూనే ఉంది. రెండేళ్లుగా అది అంతే.

"మళ్లీ పందులు పడినాయి. కొండవైపు మడి సగం పడుకొనేసింది."

పందులు అరటి తినడం ఆ ఊరికి కొత్త కాదు. వాటిలో ఈ పెద్దపంది సంగతి వేరు. అది మనుషులను చూసి పారిపోదు. తోట కాపలా మాడసామి తొడ చీల్చి, ఎముక దాకా పోయింది. అతను తేని పట్నంలో ఆస్పత్రిలో ఉన్నాడు, కాలు నిలుస్తుందో లేదో ఇంకా చెప్పలేదు. అప్పటినుంచి గెలలు కోసే ఆడవాళ్లు ఆ మడిలోకి రావడం మానేశారు. అడవి ఆఫీసువాళ్లకు కాగితం పెడితే ఇద్దరు వచ్చి కాలిగుర్తులు ఫోటో తీసుకుని పోయారు. అనుమతి లేకుండా కొడితే నేరం. ఆ సంగతి కూడా అందరికీ తెలుసు.

కాసేపటికి ముత్తుకృష్ణ అన్న సుందరరాజన్ పక్కింటినుంచి వచ్చాడు. చేతిలో గోనెసంచి చుట్టిన రెండు గొట్టాల తుపాకి.

"ఈ సాయంత్రం కొట్టేస్తాం" అన్నాడు.

"ఎవరు కొట్టేది?" అంది తిరుమలమ్మాళ్. "నీకా, ఒక కంటికి పొర తీసినారు, ఇంకో కంటికి తీయలేదు. వీడికా, కాపి గ్లాసే నిలవదు. పంది నవ్వుకొని పోతాది."

"నేను కొడతాను" అంది మధుమిత.

గోమతి వంటింట్లోంచి వచ్చింది. "వద్దు."

"అమ్మా, పెదనాయన కొడితే పంది చావదు. గాయపడతాది. గాయపడిన పంది ఇంకా ప్రమాదం. నేనైతే ఒక్కటే."

"డాక్టరు చెప్పింది."

"రేంజిలో వారం వారం కాల్చేదానికి చెప్పిందిమా. ఇది ఒక్కసారి. మంచె మీద కూర్చొని."

"తుపాకి లోపలుండాది" అంది గోమతి.

సుందరరాజన్ గోనెసంచి విప్పాడు. మరదలితో నేరుగా మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో లేదు. తమ్ముడి మొహం చూస్తూ ఆమెకు జవాబిచ్చాడు. "లోపలుండేది మీ తుపాకి కదరా. దాన్ని ఎవరు ముట్టుకొన్నారు? ఇది మా ఇంటిది. మా ఇంట్లో ఎవరికీ నెల తప్పలేదు. మీ వదినకు అరవై దాటె. అట్ల ఏమైనా జరిగితే నేనే ఊరు వదిలి పోతాను."

"ఛీ, నోటికి అడ్డు లేదు" అంది తిరుమలమ్మాళ్, నవ్వాపుకుంటూ. ఆ తర్వాత పెద్దరికంగా గొంతు సవరించుకుంది. "కట్టుబాటు ఇంటి తుపాకికే. పెద్దలు చెప్పింది అంతే. ఇంకొక తుపాకి సంగతి వాళ్లు చెప్పలేదు."

ఆ మాటతో అయిపోయింది. ఆ ఇంట్లో ఆచారం తెలిసినది ఆమె. ఆచారం తప్పలేదంటే ఇంక తప్పు లేదు.

గోమతి భర్తను చూసింది. ముత్తుకృష్ణ ఇంటి కప్పు చూస్తున్నాడు.

"బిడ్డ చెవులకు ఏం కడతావు?" అని కూతురినడిగింది.

మధు పొట్ట మీద చేయి వేసుకుంది. "శాలువా చుట్టుకొంటాను. రెండు చుట్టుకొంటాను, సరేనా? ఆయనకు మాత్రం ఫోన్లో చెప్పొద్దు, ఊరికే అరుస్తాడు."

మధ్యాహ్నం దాటాక జల్లు ఆగింది. నాలుగింటికి బయలుదేరారు. గడప దగ్గర సుందరరాజన్ నిలబడిపోయాడు.

"గాజులు. ఆ గలగల పందికి అరమైలు వినిపిస్తాది. తీసెయ్ పాపా."

"కాన్పు దాకా తీయకూడదు" అంది తిరుమలమ్మాళ్. మంచం దిగి వచ్చింది. రెండు తుండ్లు తెప్పించింది. మనవరాలి రెండు చేతులకూ మణికట్టు నుంచి మోచేతి దాకా గాజుల మీద బిగించి చుట్టి, కొస లోపలికి దోపింది. "ఇప్పుడు ఆడించు."

మధు చేతులు ఆడించింది. చప్పుడు లేదు.

"అంతే. తీయనూ లేదు, మోగనూ లేదు."

ముగ్గురూ వీధి మలుపు తిరిగేదాకా గోమతి నిలబడి చూసింది. ఏడో నెల ఆడపిల్ల చప్పుడు లేకుండా నడిచిపోతోంది. పిలవాలనుకుంది. వంటింట్లోకి పోయి తుపాకి ఒళ్లో పెట్టుకుంది.

ఎడమ చెవి ఆనించి కూర్చుంటే తోటకు తనూ పోతున్నట్టే ఉంది. వాళ్లు కాలువ దాటినప్పుడు కాబోలు గుండె కొంచెం ఎగిరింది. మంచె ఎక్కినప్పుడు పరుగెత్తింది. తర్వాత చాలాసేపు నిదానంగా కొట్టుకుంది. నిద్రపోతోందనుకుంది గోమతి. మంచం మీద అత్త కూడా కునికిపాట్లు పడుతోంది. పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది.

బయట, దూరంగా, టెంకాయ పడినట్టు టప్పుమంది.

గొట్టంలో అది టప్పు కాలేదు. ఇల్లు నిట్టనిలువునా చీలినట్టయింది. తుపాకి ఒళ్లోంచి ఎగిరి పొయ్యిగట్టుకు తగిలింది. గోమతి దాన్ని పట్టుకుని మళ్లీ చెవికి ఆనించింది. రోలు ఆగిపోయింది. ఏమీ లేదు. గాలి కూడా లేదు. గురువారం పొద్దున జ్ఞాపకం వచ్చింది. ఊపిరి బిగపట్టింది.

టుక్. మళ్లీ మొదలైంది. గాడి తప్పి, తాళం తప్పి, పిచ్చిగా.

ఇంకొకటి పేలుతుందని ఆమెకు తెలుసు. ఆ తుపాకికి రెండు గొట్టాలు. చెవి తీయాలనుకుంది. బిడ్డకు తీసే వీల్లేదు కదా అని తీయలేదు.

రెండోది పేలింది.

ఆ తర్వాత ఎడమ చెవిలో సన్నటి ఈల తప్ప ఏమీ లేదు. తుపాకి కుడి చెవికి మార్చుకుంది. ఉంది. పరుగెత్తుతోంది. గోమతి లేచింది. పసుపుగుడ్డ కింద పడింది, తీయలేదు. తుపాకి భుజానికెత్తుకుని గడప వైపు నడిచింది.

"ఏడికే?" తిరుమలమ్మాళ్ లేచి కూర్చుంది. "లోపలున్న తుపాకిని గడప దాటించకూడదు! గోమతీ!"

ఆమె దాటింది.

కుళాయి దగ్గర బిందె పట్టుకున్న మీనాంబాళ్ చూసింది. "బయటికొచ్చిందే! కాన్పయిందా? ఏం బిడ్డ?"

"కాలేదు" అంది గోమతి. మీనాంబాళ్ బిందె నిండి నీళ్లు కాళ్ల మీద పడుతున్నా కదల్లేదు.

తోట చేరేసరికి వెలుగు తగ్గుతోంది. కొండ మీంచి మబ్బు మళ్లీ దిగింది. మంచె ఒక కాలు విరిగి పక్కకు ఒరిగి ఉంది. గట్టు మీద ముత్తుకృష్ణ ఇటూ అటూ నడుస్తూ "మధూ, మధూ" అని పిలుస్తున్నాడు. గొంతు పోయింది. భార్యనూ భుజాన తుపాకినీ చూసి ఏడుపు మొదలుపెట్టాడు.

"మొదటిది తగిలిందే. బాగా తగిలింది. పడలేదు. నేరుగా మంచె మీదికొచ్చింది. రెండోది తప్పిపోయింది. మంచె కాలు విరిగి పాప కింద పడింది, లేచింది, నేను చూసినాను, లేచి తోటలోకి పరుగెత్తింది. పంది దాని వెనకాల పోయిందో, ఎటు పోయిందో… పిలిస్తే పలకడం లేదు. ఫోను నా జేబులో ఉండాది గోమతీ."

"బావగారు?"

"తుపాకిలో మళ్లీ తూటాలేసుకొని పంది కోసం లోపలికి పోయినాడు."

గోమతి గొట్టం మూతిని కుడి చెవికి ఆనించుకుని, తుపాకి మడమను ముందుకు చాచి, మెల్లగా తిప్పింది. కాలువ వైపు గాలి. ఊరి వైపు గాలి. దక్షిణం తిప్పితే దూరంగా ఏదో ఉన్నట్టుంది. కొండవైపు తిప్పగానే ఏలకుల రోలు స్పష్టంగా వినబడింది. అటు నడిచింది.

అరటి వరసల మధ్య బురద. పడిపోయిన చెట్ల మీదుగా దాటుకుంటూ పోయింది. నాలుగడుగులకోసారి ఆగి వింది. చప్పుడు పెరుగుతోంది. పిలవలేదు. పంది ఎక్కడుందో తెలియదు.

ఒక మలుపులో సుందరరాజన్ కనబడ్డాడు. మోకాళ్లు కొంచెం వంచి, తుపాకి భుజానికి పెట్టి నిలబడి ఉన్నాడు. ఎదురుగా నేలకొరిగిన రెండు చెట్ల ఆకులు గుబురుగా పడి ఉన్నాయి. ఆకులు కదులుతున్నాయి. గాలి లేదు. లోపలినుంచి రొప్పు వినిపిస్తోంది.

"ఈడనే పడుకొని ఉండాది" అని గుసగుసగా అన్నాడు, ఎవరొచ్చారో చూడకుండానే. "ఊపిరి వింటివా? కదలొద్దు."

గోమతి తన తుపాకిని ఆకుల వైపు తిప్పి చెవి ఆనించింది. రోలు చెవిలోనే దంచినంత దగ్గరగా ఉంది. ఆయన గురిపెట్టిన చోటే. గోరంత పక్కకు కూడా లేదు.

అరిస్తే ఆయన వేలు ఉలిక్కిపడుతుంది. చేయి పట్టి లాగితే పేలుతుంది. ఆయనతో ఆమె ఇన్నేళ్లలో ఎదురుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడూ మాట్లాడలేదు. ఇంకో అడుగు వేసి, గొట్టం మూతిని మెల్లగా, నిద్రపోయేవాడికి దుప్పటి కప్పినట్టుగా, ఆయన చెవికి ఆనించింది.

సుందరరాజన్ గడ్డం తుపాకి మీదే ఉంది. మంచి కన్ను గురి మీదే ఉంది. విన్నాడు.

ముందు వేలు బయటికొచ్చింది. తర్వాత గొట్టం నేలకు దిగింది. ఆయన బురదలో కూర్చుండిపోయాడు.

"మధూ" అంది గోమతి. "నేనే."

ఆకుల్లోంచి తుండు చుట్టిన చేయి ఒకటి బయటికొచ్చింది. చప్పుడు లేకుండా.

మధుమిత ఒళ్లంతా బురద. మోకాలు చీరుకుపోయింది. చప్పుడు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. అది తీసి, "పంది అనుకొన్నాను అమ్మా" అంది. "అడుగుల చప్పుడు వినిపించింది. పంది నా కోసమే వెతుకుతా ఉండాది అనుకొన్నాను. నాయన పిలిచినా పలకలేదు." తర్వాత పెదనాయన చేతిలో తుపాకిని చూసింది. తన వైపే వచ్చిన ఆయన అడుగుజాడలను చూసింది.

పక్క వరసలో రక్తపు చార ఉంది. అది కొండవైపు పోయింది. ఎవరూ దాని వెంట పోలేదు.

వీధిలో దీపాలు వెలిగే వేళకు ఇల్లు చేరారు. తిరుమలమ్మాళ్ గడపలోనే కూర్చుని ఉంది. చేతిలో పసుపుగుడ్డ. పక్కకు జరిగి దారి ఇచ్చింది. "అందరూ వచ్చినారా?" అని మాత్రం అడిగింది.

డాక్టరమ్మకు ఫోన్ చేశారు. కారు పిలిచారు. కారు రావడానికి కొంచెంసేపు పడుతుందన్నారు. మధును వంటింట్లోనే చాప మీద ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు. రక్తం పోవడం లేదు. నొప్పులు లేవు. గోమతి తుపాకి పక్కన పెట్టుకుని కుడి చెవి ఆనించింది.

"ఏమంటాది?" అంది అత్త.

"కొట్టుకొంటాది."

"గట్టిగానేనా?"

"గట్టిగానే."

తిరుమలమ్మాళ్ చేతులు జోడించి గోడవైపు తిరిగి ఏడ్చింది. సుందరరాజన్ వంటింటి గడప దగ్గరికొచ్చాడు. ఆడవాళ్లున్న వంటింట్లోకి ఆయన వచ్చేవాడు కాదు. ఆ రోజు వచ్చాడు. రెండు గొట్టాల తుపాకిలోంచి తూటాలు తీసి జేబులో వేసుకుని, దాన్ని బియ్యపు డ్రమ్ము పక్కన గోడకానించి, ఎవరినీ చూడకుండా బయటికి పోయాడు. ఒక కడుపుకు రెండు తుపాకులు లోపలికి రావడం ఆ వీధిలో ఎప్పుడూ లేదు.

గోమతి కూతురి చేతులకు చుట్టిన తుండ్లు విప్పింది. కుడిచేతి గాజులు సగం పగిలిపోయి తుండులోంచి నేల మీదికి రాలాయి. ఎడమచేతివి మిగిలాయి.

గొట్టం మూతిలోకి మెల్లగా "కన్నూ" అంది.

రోలు దంచుతూనే ఉంది. తడబడలేదు.

ఎడమ చెవిలో ఈల ఇంకా ఉంది. దానివల్ల తనకే సరిగా వినబడలేదనుకుంది. కుడి చెవిని ఇంకా గట్టిగా అదిమి మళ్లీ పిలిచింది. ఈసారి గొంతు పెంచింది. దంపు సమంగా, నిదానంగా, తలుపులన్నీ వేసుకున్న ఇంట్లో జరుగుతున్నట్టుగా సాగిపోయింది.

మధు ఎడమచేతిని ఎత్తి పొట్ట దగ్గరికి తెచ్చి ఆడించింది. గలగలమన్నాయి. వంటిల్లంతా మోగింది. వీధిలో కుక్క చెవులు రిక్కించి చూసింది. గొట్టంలో దంపు మాత్రం తడబడలేదు.

"ఏమంటాడమ్మా?" అంది మధుమిత కళ్లు తెరవకుండా. "పలికినాడా?"

"పడుకొని ఉండాడు" అంది గోమతి. "నువ్వూ పడుకో."

బయట కారు వచ్చి ఆగింది. ముత్తుకృష్ణ డ్రైవరుతో మాట్లాడుతున్నాడు. తిరుమలమ్మాళ్‌కు తను అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదని గుర్తొచ్చింది. ముక్కు చీదుకుని, "అందరూ క్షేమంగా వచ్చినట్టేనా?" అని మళ్లీ అడిగింది.

గోమతి ఒక చేత్తో కూతురి గాజులను ఆడిస్తూనే, ఇంకో చేతి బొటనవేలిని వేళ్ల కణుపుల మీద జరుపుతూ లెక్కపెట్టింది. ఆయన వచ్చినాడు. బావగారు వచ్చినారు. మధు వచ్చింది.

బొటనవేలు బిడ్డ కోసం నాలుగో కణుపు మీదికి జరిగి, అక్కడే నిలిచిపోయింది.